టీవీలో చూసిన ఘోరానికి ఆదివారం ఆరాధనలో చోటుందా?

తమ్ముడూ, వందనాలు.

గాజువాక దగ్గర చిన్న సంఘంలో యవ్వనస్థుల కూటం నడుపుతున్నాననీ, పరవాడ ఫార్మా సిటీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాననీ రాశావు. ఊళ్లో ఏదైనా ఘోరం జరిగిన వారం దాని గురించి ఆరాధనలో మాట్లాడాలా వద్దా అన్నది నీ ప్రశ్న. సంఘ పెద్దలు "లోకవార్తలు మందిరంలోకి తేకు, వాక్యం చెప్పు చాలు" అంటున్నారు. నీ తోటి కుర్రాళ్లు "ఇంత జరుగుతుంటే నోరు మెదపకపోతే ఎలా" అంటున్నారు. సింహాచలంలో గోడ కూలినప్పుడు, చనిపోయినవాళ్లు తమ పాపానికే పోయారంటూ మీ వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చిందనీ, చదివి ఒళ్లు మండిందనీ, కానీ ఏం జవాబివ్వాలో తోచలేదనీ రాశావు. ఆఖర్న ఒక ముక్క రాసి వదిలేశావు: రాత్రిపూట వార్తలు చూసి పడుకుంటే ప్రార్థన రావడం లేదని. నన్ను ఎక్కువ కదిలించింది ఆ ముక్కే. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను.

విశాఖలో చాలా ఏళ్లుగా సంఘకాపరిగా ఉన్నాను. నా ఆలోచన సూటిగా చెప్తాను. వార్తని మందిరంలోకి తేవచ్చు, తేవాలి కూడా. అయితే దెబ్బ తగిలిన మనిషితో పాటు తేవాలి. ఆ మనిషి మన బెంచీ మీద కూర్చునేవాడు కావచ్చు, పక్క వీధిలో తులసికోట చుట్టూ తిరిగే అమ్మ కావచ్చు. ఆ ఇంటి గడప తొక్కకుండా, వాళ్లకి ఏం పోయిందో తెలుసుకోకుండా, "దీనిలో దేవుని ఉద్దేశం ఇది" అని మైకులో అర్థం చెప్పే అధికారం ఏ బోధకుడికీ లేదని నా నమ్మకం.

ముందు సింహాచలం సంగతి. 2025 ఏప్రిల్ 30, చందనోత్సవం. అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్క రోజే కాబట్టి జనం ముందురోజు రాత్రే కొండకి చేరతారు. తెల్లవారుజామున గాలివాన పట్టింది. మూడు వందల రూపాయల టికెట్ల క్యూలైను పక్కన గోడ కూలి ఏడుగురు చనిపోయారు. మన ఊళ్లో ఆ కొండతో ఏ సంబంధమూ లేని ఇల్లు దొరకడం కష్టం. మన సంఘాల్లో కూడా కోడలి పుట్టింటివారో, ఆఫీసులో పక్క సీటు ఆయనో, పాలు పోసే అబ్బాయో ఆ రోజు క్యూలో ఉండే ఉంటారు.

నీకు వచ్చినలాంటి మెసేజే మా సంఘం గ్రూపులోకీ వచ్చింది. దాన్ని ఇక్కడ మళ్లీ రాయను. దాని కింద నేను లూకా సువార్త 13వ అధ్యాయం మొదటి అయిదు వచనాలు పెట్టి, "దయచేసి అందరూ ఇది నెమ్మదిగా చదవండి" అని మాత్రం రాశాను. అక్కడ ఏముందో చూడు. కొందరు యేసు దగ్గరికి వచ్చి ఒక వార్త చెప్పారు. గలిలయవాళ్లు కొందరు బలులు అర్పిస్తుండగా పిలాతు వాళ్లని చంపించాడని. అంటే భక్తితో, ఆరాధన కోసం వెళ్లి చనిపోయినవాళ్లు. ఆయన దానికి ఇంకో వార్త కలిపాడు: సిలోయములో గోపురం పడి పద్దెనిమిది మంది పోయారు కదా, యెరూషలేములో కాపురమున్న వారందరికంటే వాళ్లు అపరాధులని అనుకుంటున్నారా? కారని తానే చెప్పాడు. గోపురం ఎందుకు కూలిందో లూకా రాయలేదు. ఆ వెంటనే యేసు అన్న మాట "మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు" అని. చెప్పుకుంటున్నవాళ్ల వైపు తిరిగాడాయన. చనిపోయినవాళ్ల లెక్క చూడడం మన పని కాదని ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్తారు?

ఇంకో మాట కూడా ఆ మెసేజ్ పంపినాయనకి ఫోన్ చేసి చెప్పాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది గుర్తుందా అని అడిగాను. అది ఆదివారం. గంటకి 180 కిలోమీటర్ల గాలికి మన మందిరాల రేకులు బీచ్ రోడ్డు నుంచి కంచరపాలెం దాకా ఎగిరిపోయాయి. ఆ రోజు ఎవరైనా మనల్ని చూసి "మీ పాపానికే మీ పైకప్పు లేచిపోయింది" అని ఉంటే ఎలా ఉండేది? ఆ వారం నీళ్ల ట్యాంకరు దగ్గర ఎవరి బిందె ముందు, ఎవరి బిందె వెనక అని కులమతాలు చూసినవాళ్లు నాకు కనిపించలేదు. కరెంటు లేని ఆ రాత్రుల్లో మా వీధి మొత్తానికి సెల్‌ఫోన్లు ఛార్జింగ్ అయ్యింది ఒక సాయిబుగారి వెల్డింగ్ షాపు జనరేటరు మీద. ఫోన్ పెట్టేసే ముందు ఆయన ఆ మెసేజ్ తీసేస్తానన్నాడు, తీసేశాడు.

చందనోత్సవం మర్నాడు నేనూ మా ఆవిడా మా వీధి చివర ఒకరింటికి వెళ్లాం. వాళ్లకేమీ కాలేదు. వేరే వరసలో నిలబడ్డారు, దర్శనం చేసుకోకుండానే దిగి వచ్చేశారు. కానీ ఆవిడ అప్పటి నుంచి అన్నం ముట్టలేదని పిల్లలు చెప్పారు. అరుగు మీద కూర్చున్నాం. తడిసిన పట్టుచీర ఇంకా తీగ మీదే ఉంది, ఎవరూ మడత పెట్టలేదు. ఆవిడ కాసేపటికి తనంతట తనే చెప్పింది, వెనక నుంచి అరుపులు విని చిన్నవాడి చెయ్యి వదిలేశాననీ, మళ్లీ దొరికేదాకా ఏం జరిగిందో తెలియలేదనీ. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను వాక్యం ఎత్తలేదు. లేచేముందు "మీ ఇంటి కోసం ప్రార్థన చేయమంటారా అమ్మా" అని అడిగాను. చేయమంది. నాలుగు మాటల్లో ముగించాను. ఇక్కడ ఒకటి గట్టిగా చెప్తున్నాను, నీ కూటంలో కుర్రాళ్లకి కూడా చెప్పు: ఏడుస్తున్న ఇంటికి కరపత్రాలు పట్టుకెళ్లకండి. దుఃఖంలో ఉన్న మనిషి మీ సేవకి అవకాశం కాదు. సర్వం పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తకుండా అతని దగ్గర నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసినదాంట్లో మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా చెడింది.

ఇక ఆరాధనలో ఎలా తేవాలన్నది. మా సంఘంలో ప్రసంగంలో కంటే విజ్ఞాపన ప్రార్థనలోనే ఊరి సంగతులు ఎక్కువగా వస్తాయి. "దేశం కోసం, నాయకుల కోసం, రోగుల కోసం" అని గంపగుత్తగా చేసే ప్రార్థన నాకు సరిపడదు. ఎవరికి ఏం జరిగిందో ఒకరు లేచి చెప్తారు, తర్వాత ప్రార్థన చేస్తాం. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయి. దాదాపు నలభై బోట్లు. ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది. టీవీలో వచ్చిందంతా బోట్ల ఖరీదు గురించే. ఆ తర్వాతి ఆదివారం మా సంఘంలో హార్బరు వైపు నుంచి వచ్చే ఒక పెద్దమ్మ లేచి అంది: "అయ్యగారూ, బోటు ఓనరుకి లెక్కుంటాది. మా వోడు కళాసీ. బోటు కాలిపోనాది, ఈడి కూలి ఏ లెక్కలో రాత్తారు?"

మందిరమంతా నిశ్శబ్దమైంది. హార్బరు సంగతి తెలియనివాళ్ల కోసం ఆవిడ చేతే వివరంగా చెప్పించాను. మరబోటు మీద బోటు నడిపే సరంగు, అతని కింద పనిచేసే కళాసీలు కలిసి వేటకెళ్తే రోజుల తరబడి సముద్రం మీదే. తిరిగొచ్చాక డీజిలు, ఐసు ఖర్చులు తీసేసి మిగిలినదాంట్లో వాటాలు. వేట లేకపోతే వాటా లేదు. పైగా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఎలాగూ ఉంటుంది. నవంబరు నుంచే పని పోతే ఆ ఇల్లు వేసవి దాకా ఎలా నెట్టుకురావాలి? ఆ రోజు ప్రార్థన చేసినవాళ్లకి తాము ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో తెలుసు. కానుకలో కొంత తీసి ఆ ఇంటికి బియ్యం ఇచ్చాం. హార్బరులో ఇంకో బోటులో చోటు చూపించింది మాత్రం మా సంఘంలోని ఐసు ఫ్యాక్టరీ మేస్త్రి. ఆయన ఆ పెద్దమ్మని అంతకుముందు ఎన్నో ఆదివారాలు చూశాడు, కొడుకు కళాసీ అని మాత్రం తెలియదు. ఆవిడ లేచి నోరు తెరిస్తేనే తెలిసింది.

మీ పెద్దల మాటకి కూడా ఇదే నా జవాబు. ఆ పెద్దమ్మ మాట లోకవార్త కాదు. సంఘంలో ఒక అవయవం నొప్పి అని చెప్పడం. "ఏడ్చువారితో ఏడువుడి" అని పౌలు రోమా సంఘానికి రాసినప్పుడు, ఏడుస్తున్నది ఎవరో తెలుసుకోమని కూడా దాంట్లోనే ఉంది.

ఒక అలవాటు నీకు పనికొస్తుందనుకుంటాను. నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. ఊళ్లో ఏదైనా జరిగితే తేదీ, మాకు తెలిసినవాళ్లలో దెబ్బ తిన్నదెవరు, వాళ్లకి అప్పుడు ఏం కావాల్సి వచ్చింది అని రాస్తాను. ఏడాది తర్వాత అదే తేదీకి మళ్లీ తీసి వాళ్లకి ఫోన్ చేస్తాను. ఇది మొదలైంది ఆర్.ఆర్. వెంకటాపురం తర్వాత. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి ఆ ఊరి మీదికి వచ్చింది. లాక్‌డౌన్ రోజులు. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తి రోడ్డు మీదే పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు, పశువులు కట్టుకొయ్యల దగ్గరే పోయాయి. మందిరాలు మూసి ఉన్న కాలం కాబట్టి ఫోన్లోనే ప్రార్థనలు. ఆ వారం ఊరూరా దాని గురించే. ప్రభుత్వం చనిపోయినవారి కుటుంబాలకి కోటి రూపాయలు ప్రకటించింది, నాయకులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి.

ఆ చుట్టుపక్కల ఉండే మా ఎరుకలోని ఒక కుటుంబానికి ఏడాది తర్వాత ఫోన్ చేస్తే ఆ ఇంటాయన మొదట అన్న మాట "ఇంకా గుర్తున్నామా అండి" అని. కళ్లు మంటలు, రాత్రి ఏ వాసన వచ్చినా పిల్లలు లేచి కూర్చోవడం, దాని గురించి మాట్లాడేవాళ్లు లేకపోవడం. మొదటి వారంలో మేం పంపిన బట్టలూ నీళ్లూ ఆయనకి గుర్తు లేవు. ఫోన్ చేసినందుకు మాత్రం కన్నీళ్లు పెట్టుకున్నాడు. అప్పటి నుంచి మే 7 వస్తే ఆయన కోసం ఎదురుచూడకుండా మేమే పలకరిస్తాం. చానళ్లు వెళ్లిపోయాక సంఘం మిగిలి ఉండాలి. సంఘానికి వార్తల విషయంలో ఏదైనా ప్రత్యేకమైన పని ఉందంటే అదేనని నాకనిపిస్తుంది.

ఫార్వర్డుల గురించి ఎక్కువ చెప్పను. నిర్గమకాండము 23వ అధ్యాయం మొదటి మాటే "లేని వార్తను పుట్టింపకూడదు" అని. ఆఫ్ఘనిస్తాన్‌లో ఇరవై రెండు మిషనరీ కుటుంబాలకి రేపు మరణశిక్ష, వెంటనే ప్రార్థించి పదిమందికి పంపండి అనే మెసేజ్ నీకూ వచ్చే ఉంటుంది. అది అబద్ధం, ఏళ్ల తరబడి అదే మాటలతో తిరుగుతోంది. భక్తి పేరుతో వచ్చింది కదా అని అబద్ధం నిజం కాదు. మా దగ్గర నియమం ఏమిటంటే, ఎవరైనా స్వయంగా ఫోన్ చేసి కనుక్కున్నానని చెప్పేదాకా ఏ ప్రార్థన మనవీ మైకులో చదవం. ప్రమాదం జరిగిన రోజున చనిపోయినవారి సంఖ్య కూడా చెప్పం. అది సాయంత్రానికి మారుతుంది, ఆ లోపు ఎవరి తల్లో వింటుంది.

ఇప్పుడు కష్టమైన భాగం, రాజకీయం. నీ కుర్రాళ్లు అడుగుతున్నది ఇదేనని నాకు తెలుసు. ఎన్నికలప్పుడు మా వేదిక మీద ఏ పార్టీ అభ్యర్థికీ మైకు ఇవ్వను. ఆరాధనకి వచ్చి బెంచీ మీద కూర్చుంటే అందరితో పాటు వందనాలు చెప్తాను, శాలువా కప్పను. దీనికి చట్టం కూడా ఉంది. మతం పేరు చెప్పి ఓటు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అక్రమం, 2017 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా విస్తృతంగా వర్తింపజేసింది. ప్రార్థనా స్థలాలని రాజకీయానికి వాడకూడదని 1988లో వేరే చట్టమే వచ్చింది. కానీ చట్టం లేకపోయినా నేను ఇదే చేస్తాను. మందిరంలోకి వచ్చేవాడు తన ఓటుని గుమ్మం బయట తాకట్టు పెట్టి రాకూడదు.

అయితే పార్టీ ఊసెత్తకపోవడం వేరు, అన్యాయం గురించి నోరు మూసుకోవడం వేరు. ఉక్కు ఫ్యాక్టరీ తీసుకో. నువ్వు గాజువాక వాడివి, నీకు నేను చెప్పేదేముంది. 1966లో ఆ ఫ్యాక్టరీ కోసం 32 మంది ప్రాణాలిచ్చారు, 1970 ఏప్రిల్‌లో ఢిల్లీ ఒప్పుకుంది. 2021 జనవరిలో అమ్మాలన్న నిర్ణయం వచ్చింది, కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. మా సంఘంలో ఒకే బెంచీ మీద ముగ్గురు కూర్చుంటారు. ఒకరు పర్మినెంటు ఉద్యోగి. ఒకరు కాంట్రాక్టు కార్మికుడు, గేటు పాసు రెన్యువల్ అవుతుందో లేదో అని ప్రతి నెలా టెన్షన్. మూడోవారు ఆ ఫ్యాక్టరీ కోసమే పొలం పోగొట్టుకున్న నిర్వాసితుడు, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది, ఉద్యోగం రాలేదు. "ప్లాంటుని కాపాడు ప్రభువా" అని నేను ఒక్క మాటలో ప్రార్థిస్తే ముగ్గురికీ మూడు రకాలుగా వినిపిస్తుంది.

నన్ను విడిగా అడిగితే ప్లాంటు ప్రభుత్వం చేతిలోనే ఉండాలంటాను, టీ కొట్టు దగ్గర దాని గురించి గంటసేపు వాదిస్తాను. వేదిక మీద మాత్రం నాకు ఇచ్చినది వాక్యం. ఆ వాక్యంలోనే నాబోతు ద్రాక్షతోట ఉంది, రాజు అడిగినా పితరుల స్వాస్థ్యాన్ని ఇవ్వనన్న రైతు కథ. యాకోబు పత్రికలో, పనివారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొఱ్ఱ పెడుతోందని ఉంది. ఆ రెండు భాగాలూ నేను దాటవేయకుండా చెప్తాను. ఒకసారి యాకోబు 5వ అధ్యాయం చెప్పాక మా సంఘంలోనే ఉన్న ఒక చిన్న లేబర్ కాంట్రాక్టరు రెండు వారాలు మందిరానికి రాలేదు. తర్వాత వచ్చాడు, తన మనుషులకి పండగ ముందు బకాయిలు ఇచ్చేశాడని వేరేవాళ్ల ద్వారా తెలిసింది. నేను ఆయన్ని ఏమీ అడగలేదు. ఏ మంత్రి పేరూ ఎత్తకుండానే ఆ వాక్యం వెళ్లాల్సిన చోటికి వెళ్లింది.

యవ్వనస్థుల కూటం నడిపేవాడివి కాబట్టి ఇంకో వార్త సంగతి నీకు చెప్పాలి. 2024 మేలో మన విశాఖ పోలీసులు బయటపెట్టారు చూడు, కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కుర్రాళ్లని తీసుకెళ్లి, సైబర్ మోసాలు చేసే కంపెనీలకి అమ్మేసిన వ్యవహారం. పాస్‌పోర్టు లాక్కుని, గదుల్లో పెట్టి, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి డబ్బు కాజేయించారు. ఎదురుతిరిగితే కొట్టారు. వాళ్లలో మన ఊరి పిల్లలు ఎంతోమంది.

మన సంఘాల్లో ఏం జరుగుతుంది? కుర్రాడు వచ్చి "అయ్యగారూ, ఫారిన్ ఉద్యోగం వచ్చింది, ప్రార్థన చేయండి" అంటాడు. మనం తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించి, సాక్ష్యం చెప్పించి, చప్పట్లు కొట్టి పంపిస్తాం. నేనిప్పుడు ప్రార్థనకి ముందు కాగితాలు చూపించమంటాను. ఏజెంటు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో రిజిస్టరై ఉన్నాడా? రిజిస్టర్డు ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ, అంతకు మించి అడిగితే అనుమానించాలి. చేతిలో ఉన్నది టూరిస్టు వీసా అయితే అది ఉద్యోగం కాదు. మా సంఘంలో ఒక తల్లి పుస్తెలు కుదువపెట్టి డబ్బు సిద్ధం చేసింది, కొడుకు ఆఫర్ లెటర్‌లో కంపెనీ చిరునామా కూడా లేదు. ఆ రోజు నేను దీవించనన్నాను. అబ్బాయికి నా మీద చాలా కోపం వచ్చింది, కొన్నాళ్లు మాట్లాడలేదు. ఇప్పుడు ఆటోనగర్‌లో పనిచేస్తున్నాడు. కాగితాలు చూడడం విశ్వాసం లేకపోవడం అని ఎవరైనా అంటే వినకు. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇప్పుడు నీ చివరి ముక్కకి వస్తాను. వార్తలు చూసి పడుకుంటే ప్రార్థన రావడం లేదన్నావు.

నువ్వు పనిచేసేది పరవాడలో. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి పదిహేడు మంది పోయారు. నీ ఉత్తరంలో దాని గురించి ఒక్క మాట లేదు. సింహాచలం గురించి రాశావు, పెద్దల గురించి రాశావు, నీ షిఫ్టు గురించి రాయలేదు. నేను పొరపడి ఉండవచ్చు, కానీ నిన్ను నిద్రపోనివ్వనిది ఊరి బాధ మాత్రమే కాదనిపిస్తోంది. టీవీలో ఫ్యాక్టరీ మంటలు చూపించినప్పుడు నీకు కనిపించేది నీ బ్లాకు, నీ పక్కన నిలబడే కుర్రాడి ముఖం. అది భయం తమ్ముడూ. భయపడుతున్న మనిషి లోకం కోసం ప్రార్థిద్దామని కూర్చుంటే నోట మాట రాదు. తన సంగతి ముందు చెప్పుకోవాలి.

కాబట్టి కొన్నాళ్లు ఊరి కోసం, దేశం కోసం ప్రార్థించకు. 13వ కీర్తన తీసుకో. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దావీదు దేవుణ్ణే నిలదీసిన కీర్తన. ఆరే వచనాలు. నైట్ షిఫ్టుకి వెళ్లేముందు బస్సులో చదువుకో, గొంతు పెగలకపోతే చదవడమే ప్రార్థన. రాత్రి భోజనం తర్వాత ఫోన్లో వార్తలు చూడకు. ఏదీ తెలియకుండా ఉండమని కాదు, పొద్దున పేపరు చదువు, పేపరుకి ఒక చివరి పేజీ ఉంటుంది. అన్ని వార్తలూ మోయకు, ఒక్కటి ఎంచుకో. ఒక ఇల్లు, ఒక మనిషి. ఏడాదంతా వాళ్లని వదలకు.

ఇంకా రెండు పనులు ఈ వారమే చెయ్యి. నీ ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) నంబరు పనిచేస్తోందా, ప్రతి నెలా నీ పేరు మీద కాంట్రాక్టరు డబ్బు కడుతున్నాడా కనుక్కో. నెల జీతం 21,000 లోపు ఉంటే అది నీ హక్కు. ఏదైనా జరిగితే రికార్డులో పేరు లేని మనిషి కోసం ఇంట్లోవాళ్లు ఆఫీసుల చుట్టూ ఎలా తిరుగుతారో నేను చూశాను. నీ కూటంలో ఫ్యాక్టరీలకి వెళ్లే మిగతావాళ్ల చేత కూడా చూపించు, కలిసి కూర్చుని ఫోన్లలో చూసుకోండి. రెండోది, వచ్చే కూటంలో నీ భయం నువ్వే చెప్పు. నాయకుడివి కాబట్టి ధైర్యంగా కనిపించాలనుకోకు. నువ్వు చెప్తే, నీలాగే నోరు నొక్కుకుని కూర్చున్న ఇంకో ఇద్దరు ముగ్గురు బయటపడతారు.

పెద్దలతో గొడవ పెట్టుకోవద్దు. వాళ్ల భయానికి కారణం ఉంది. ఎన్నికల గొడవతో నిట్టనిలువునా చీలిపోయిన సంఘాలని వాళ్లు చూశారు, అన్నదమ్ములు వేరే వేరే మందిరాలకి వెళ్లడం చూశారు. వాళ్ల దగ్గరికి "వార్తల గురించి మాట్లాడతాం" అని వెళ్తే వద్దంటారు. "మన కూటంలో ఫలానా అబ్బాయికి రెండు నెలలుగా జీతం లేదు, ఆదివారం అతని కోసం ప్రార్థన చేయిస్తారా" అని వెళ్లు. ఏ పెద్దా కాదనడు. అలా నాలుగు ఆదివారాలు జరగనియ్యి, ఆ తర్వాత మిగతా మాటలు మాట్లాడుకోవచ్చు. అప్పటికీ కుదరకపోతే నేనొచ్చి వాళ్లతో కూర్చుంటాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన మధ్యాహ్నానికి అయిపోతుంది, ఆ తర్వాత ఎప్పుడు రమ్మన్నా వస్తాను.